పదహారు జాములు హాలు ఇస్తే మన సొమ్మేం పోతుంది?

పోస్టు పొడుగ్గా ఉంటుంది. నా పోస్టులు ఎప్పుడూ అంతే కదా, తీరిక ఉన్నప్పుడు చదవండి. కమిటీవాళ్లు మాత్రం తీరిక చేసుకుని చదవాలి. ఇది వాళ్లకే రాస్తున్నాను.

పోయిన ఆదివారం కమిటీ మీటింగుకి నలుగురు పిల్లల అర్జీ వచ్చింది. ఇద్దరు కాలేజీ, ఇద్దరు ప్లస్ టూ, అందరూ మన ఎన్నూరు పిల్లలే. ఒక కాలేజీవాళ్లు గేమ్ జామ్ పెడుతున్నారు. అంటే ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని 48 గంటల్లో ఒక కంప్యూటర్ ఆట మొదటినుంచి చివరిదాకా తయారుచేసి నెట్‌లో పంపాలి. అంశం ముందే చెప్పారు: కాలం. మన పిల్లలు ప్లాట్‌ఫాం గేమ్ చేస్తామన్నారు, మాటలన్నీ తెలుగులో పెడతామన్నారు. ఇళ్లల్లో నలుగురు కూర్చునే చోటు లేదు, కరెంటు ప్లగ్గులు లేవు, అందుకని శని, ఆదివారాలు మన హాలు అడిగారు. వాళ్లు అడిగింది అంతే.

"ఇవ్వలేం" అని తేల్చడానికి మనకి నాలుగు నిమిషాలు పట్టింది. గడియారం చూసే చెప్తున్నాను. ముప్పై ఏళ్లకి పైగా రైల్వేలో క్లర్కు పని చేసినవాడికి గడియారం చూసే అలవాటు రిటైరైనా పోదు. అదే మీటింగులో వార్షికోత్సవానికి శాలువాలు ఏ రంగు తేవాలి అన్నదానికి నలభై నిమిషాలు పట్టింది. మినిట్స్ పుస్తకంలో పిల్లల సంగతి ఒక్క లైను: "గేములను ప్రోత్సహించరాదని తీర్మానించడమైనది." ఆ లైను మీద నా అభ్యంతరం అక్కడే చెప్పాను, రాసుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ బ్యాన్ మాట. "గేములన్నీ గవర్నమెంటు బ్యాన్ చేసేసింది కదండీ" అన్నారు ఒక పెద్దమనిషి. నలుగురు తలలూపారు. 2025 ఆగస్టులో పార్లమెంటు పాస్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పేరులోనే రెండు మాటలున్నాయి, ప్రమోషన్, రెగ్యులేషన్ అని. ఆపింది డబ్బు పెట్టి ఆడే ఆటల్ని. డబ్బు పందెం లేని ఆటల్ని, ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహిస్తామని అదే చట్టం చెప్తోంది. మన రాష్ట్రంలో 2022 నాటి చట్టం కూడా ఆన్‌లైన్ జూదం గురించి వచ్చిందే. రమ్మీలో జీతం, నగలు, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి అది వచ్చింది, రావాల్సిందే. ఒక అమ్మాయి ప్లాట్‌ఫాం మీద గెంతుతూ బండి అందుకునే బొమ్మలాటకీ దానికీ ఏం పోలిక? ఇంకో మాట కూడా అనేస్తాను, కోపం వచ్చినా సరే. సాయంకాలం ఆరున్నరకి మన హాలు వెనక గదిలో ఫ్యాను కింద కూర్చుని చేసే పని ఏమిటి? దాన్ని మన లెక్కల పుస్తకంలో "సభ్యుల వినోదం" అని రాస్తాం. పేక ముక్కలకి ఇచ్చిన గది పిల్లల ల్యాప్‌టాపులకి ఇవ్వం. చట్టం పేరెత్తింది కూడా ఆ గదిలో రోజూ కూర్చునేవాళ్లే.

ఇక రెండోది, "టైమ్ వేస్టు". దీని మీదే నాకు ఎక్కువ చెప్పాలనుంది.

ఆట ఆడటం వేరు, ఆట తయారుచేయడం వేరు. సినిమా చూసేవాడు, సినిమా తీసేవాడు ఒకటి కానట్టే. ఈ జామ్ అనేది కొత్తగా పుట్టిన పిచ్చి కూడా కాదు. లుడుం డేర్ అని ఒకటి 2002 నుంచి జరుగుతోంది. గ్లోబల్ గేమ్ జామ్ 2009లో మొదలై ఇప్పుడు ప్రతి జనవరిలో దేశదేశాల్లో నడుస్తోంది. లుడుం డేర్‌వాళ్లు 2013 ఆగస్టులో ఇచ్చిన అంశం "10 సెకన్లు". సెలెస్ట్ అని కొండ ఎక్కే ఆట ఒకటుంది. ముందు ఇద్దరు మనుషులు 2015లో నాలుగు రోజుల్లో చిన్నగా చేశారు, తర్వాత పెద్దది చేసి 2018లో అమ్మారు, ప్రపంచమంతా ఆడింది. ఇవన్నీ నేను పుట్టుకతో తెలుసుకుని రాలేదు. ఆ పిల్లలు చెప్పారు, నేను వెతికి చూసుకున్నాను. కమిటీలో ఎవరైనా ఆ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఏం చేస్తార్రా" అని అడిగారా?

ప్లాట్‌ఫాం గేమ్ అంటే రైల్వే ప్లాట్‌ఫాం అనుకుని నేను సంతోషపడ్డాను, పిల్లలు నవ్వారు. అరుగుల మీద నుంచి అరుగుల మీదికి గెంతుకుంటూ పోయే ఆటల జాతి అంతటికీ ఆ పేరట. మీ మనవలు ఆడే మారియో అదే. 1985లో వచ్చిన మొదటి సూపర్ మారియోలో పైన ఒక గడియారం 400 నుంచి తగ్గుతూ పోతుంది. అది సెకన్లు కాదు. సెకనులో 60 బొమ్మలు మారే ఆటలో 24 బొమ్మలకొకసారి ఆ అంకె తగ్గుతుంది, అంటే 0.4 సెకను. 400 అంటే నిజంగా 160 సెకన్లే. మన ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, వాళ్ల లెక్కలోనూ 24 రావడం వింత. ఊరికే వచ్చిందే గాని, లెక్క చూసి నాకు నవ్వొచ్చింది.

1989లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా అని వచ్చింది. రాకుమారిని విడిపించడానికి ఆడేవాడికి సరిగ్గా 60 నిమిషాలు. దాన్ని చేసిన జోర్డన్ మెక్నర్ తన సొంత తమ్ముణ్ణి పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఆ బొమ్మల్ని ఒక్కొక్కటీ గీసుకున్నాడు. స్టూడియో లేదు, నటుడు లేడు. మన పిల్లలు కూడా అదే చేశారు. ఆ నలుగురిలో ఉన్న ఒక్క అమ్మాయి వాళ్ల వీధిలో పరిగెత్తింది, మిగతావాళ్లు సెల్‌ఫోనులో తీశారు. వీధిలో వాళ్లకి పిచ్చి పట్టిందనుకున్నారట. 2008లో బ్రెయిడ్ అని ఒకటి వచ్చింది, జొనాథన్ బ్లో చేసింది. అందులో తప్పు అడుగు వేస్తే కాలాన్నే వెనక్కి తిప్పుకోవచ్చు. కాలం మీద ఆట అంటే ఆ రంగంలో అందరూ ముందు చెప్పే పేరు అదే.

మన పిల్లల ఆట సంగతికి వస్తాను. ఎన్నూరు స్టేషను. చేపల బుట్టతో అవ్వ లోకల్ ఎక్కింది, మందుల డబ్బా ఇంట్లో మర్చిపోయింది. మనవరాలు అది పట్టుకుని పరిగెత్తుకుంటూ రావాలి. మధ్యలో గోడలు, కాలువ, మెట్లు, గూడ్సు బండి. ఇది పిల్లలు అనుకున్న కథ. జామ్‌లో పంపేది ఆ 48 గంటల్లోనే కొత్తగా రాయాలి, ఇప్పుడు చేస్తున్నది కసరత్తు మాత్రం.

కసరత్తు మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. ఒకడి దగ్గర గవర్నమెంటు ఉచితంగా ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, అన్న చదువుకున్నప్పటిది. ఇంకొకడి దగ్గర రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న కొత్త మిషను. ఒకే ఆట. పాతదాంట్లో అమ్మాయి నత్తలాగా నడుస్తోంది, కొత్తదాంట్లో తూటాలాగా పోతోంది. ఎందుకంటే "బొమ్మ మారినప్పుడల్లా 4 చుక్కలు జరుపు" అని రాసుకున్నారు. పాత మిషను సెకనుకి 30 బొమ్మలే గీస్తుంది, అమ్మాయి 120 చుక్కలు జరుగుతుంది. మామూలు మిషను 60 గీస్తుంది, 240 చుక్కలు. కొత్తది 144 గీస్తుంది, 576 చుక్కలు. ఒకడి ఇంట్లో బండి దొరకనే దొరకదు, ఇంకొకడి ఇంట్లో బండి రాకముందే అమ్మాయి గూడూరు చేరిపోతుంది.

ఇది విని నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. ఎందుకంటే ఇది కంప్యూటర్ సమస్య కాదండీ, ఇది మన మెట్రాస్ సమస్య. రైలు రాకముందు ఏ ఊరి టైమ్ ఆ ఊరిది. నడినెత్తిన సూర్యుడుంటే అక్కడ పన్నెండు. బొంబాయి టైమ్ ఒకటి, కలకత్తా టైమ్ ఒకటి, రెంటికీ ఒక గంటకి పైగా తేడా. మధ్యలో మద్రాసు. 1802లో నుంగంబాక్కం అబ్జర్వేటరీలో జాన్ గోల్డింగ్‌హాం అనే ఆయన కట్టిన లెక్క మద్రాసు టైమ్, గ్రీన్విచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. రైళ్లు వచ్చాక ఊరికొక టైముతో బండి నడపలేరు కదా. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు, రెండు గడియారాలు ఉంటే ఏమౌతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకని దేశంలో రైల్వేలు మద్రాసు టైమే పట్టుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి ఇప్పుడున్న ఇండియన్ స్టాండర్డ్ టైమ్, 5 గంటల 30 నిమిషాలు. మద్రాసు గడియారాలన్నీ దాదాపు 9 నిమిషాలు ముందుకి జరిగాయి. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైమ్ పట్టుకుని వేళ్లాడాయి. ఆ స్టాండర్డ్ టైమ్ లెక్కకి ఆధారం 82.5 డిగ్రీల రేఖ. అది మీర్జాపూర్ దగ్గర పోతుందని పుస్తకాల్లో రాస్తారు. అదే గీత కిందికి దిగి మన కాకినాడ, తుని ప్రాంతం మీదుగా సముద్రంలోకి పోతుంది. తెలుగు గడ్డ మీదుగా పోయే గీతతో దేశం అంతా గడియారం సరిచేసుకుంటుంటే, కాలం మీద ఆట తెలుగు సంఘానికి సంబంధం లేనిదైంది మనకి!

పిల్లలు ఆ చిక్కు ఎలా విప్పారో చూడండి. బొమ్మకి ఇన్ని చుక్కలు అని కాకుండా, సెకనుకి 240 చుక్కలు అని పెట్టి, పోయిన బొమ్మనుంచి ఈ బొమ్మకి ఎంత సమయం గడిచిందో దాంతో గుణించారు. ఇప్పుడు ఏ మిషనులోనైనా అమ్మాయి ఒకేలా పరిగెడుతుంది. రైల్వే చేసిన పనే ఇది. పదిహేడేళ్ల కుర్రాడు తన చేత్తో ఆ పని చేసి, "తాతా, ఇప్పుడు రెండు ల్యాప్‌టాపులకీ స్టాండర్డ్ టైమ్ వచ్చేసింది" అని చెప్పాడు. ఇది టైమ్ వేస్టా? ఫిజిక్సు పుస్తకంలో వేగం, కాలం, దూరం అని మూడేళ్లు బట్టీ పట్టించినా ఎక్కనిది ఒక్క సాయంత్రంలో ఎక్కింది.

ఆట నియమాల్లో నేనూ ఒక చెయ్యి వేశాను. రైల్వే జనరల్ రూల్సులో నాలుగో అధ్యాయం మొదట్లోనే ఉంటుంది. స్టాండర్డ్ టైమ్ ప్రతిరోజూ 16.00 గంటలకి ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ అందాలి. గార్డు డ్యూటీ ఎక్కేముందు స్టేషను గడియారం చూసి తన వాచీ సరిచేసుకుని, ఆ టైము డ్రైవరుకి చెప్పాలి, డ్రైవరు తన వాచీ సరిచేసుకోవాలి. ప్యాసింజరు బండి ప్రకటించిన టైముకంటే ముందు స్టేషను వదలకూడదు. ఆలస్యం కావచ్చు, ముందు మాత్రం పోకూడదు. ఈ రూలు పిల్లలకి చెప్పగానే ఆట మారిపోయింది. అంతకుముందు బండి ఎప్పుడు కదులుతుందో ఇష్టం వచ్చినట్టు పెట్టారు, ఆడేవాడికి అన్యాయం. ఇప్పుడు టైమ్ టేబుల్ గోడ మీద ఉంటుంది, దాన్ని నమ్మి పరిగెత్తవచ్చు. ఆ తర్వాత స్టేషన్లో రెండు గడియారాలు పెట్టారు. ఒకటి ఇప్పటి టైమ్, ఒకటి పాత మద్రాసు టైమ్. పాత గడియారాన్ని ముట్టుకుంటే ఆటలో 9 క్షణాలు వెనక్కి పోతుంది. ఊరికే 9 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందని ఆడేవాడు అడిగితే దానికొక చరిత్ర ఉంది. బ్రెయిడ్ చూసి కాపీ కొట్టినవాడికి ఈ 9 తట్టదు.

అర్ధరాత్రి బండి ఒక మెట్టుగా పెట్టమని కూడా చెప్పాను. 15వ తారీఖు 00.10 బండి అంటే 14వ తారీఖు రాత్రి స్టేషనుకి రావాలి. కౌంటర్లో కూర్చుని ఎంతమందిని చూశానో, 15వ తారీఖు రాత్రి పెట్టే బేడా, పిల్లాపాపలతో వచ్చి "మా బండి ఏదీ" అనేవాళ్లు. బండి వెళ్లి ఇరవైనాలుగు గంటలైంది, వాళ్ల చేతిలో టికెట్టు సరైనదే. అట్ట టికెట్ల రోజుల్లో రాత్రి పన్నెండు కొట్టగానే తేదీ కొట్టే మిషన్లో అంకెలు మార్చేవాళ్లం. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఉన్న గోడ మా చేతిలోని ఆ చిన్న ఇనప అచ్చే. పిల్లలు దీన్ని ఆటలో నిజంగానే ఒక గోడ చేశారు, పన్నెండుకి అది జరుగుతుంది. నాకైతే అదే అన్నిటికంటే నచ్చింది.

ఇప్పుడు "తెలుగుకీ దీనికీ ఏమిటి సంబంధం" అన్న పెద్దలకి.

నాది తమిళ మీడియం. బడిలో నాళిగై అని చదువుకున్నాను. అవ్వ ఇంట్లో ఘడియ అనేది. రెండూ ఒకటేనని, రెండూ 24 నిమిషాలేనని చాలా ఏళ్లకి గాని తెలియలేదు. తెలుగు అక్షరాలు నాకు ఏ సంఘమూ నేర్పలేదు, ఏ బడీ నేర్పలేదు. చిన్నప్పుడు నాయుడుపేటలో చుట్టాలింటికి పోయేవాళ్లం. ఆరంబాక్కం దాటితే బోర్డుల మీద తమిళం పోయి తెలుగు వస్తుంది. మొదటి బోర్డు తడ. రెండే అక్షరాలు, రెండూ తలకట్టువే. నాకు వచ్చిన మొదటి తెలుగు మాట అది. కింద ఇంగ్లీషులో చూసుకుని పైన తెలుగు పోల్చుకునేవాణ్ణి. సూళ్లూరుపేటలో ళ కింద ఒత్తు, దొరవారిసత్రంలో త్ర, నాయుడుపేటలో య, డ. ఒక్కో స్టేషనుకి బండి ఒక నిమిషం ఆగేది. ఆ నిమిషంలో ఒక్కో అక్షరం. గూడూరు దాకా పోయిన రోజు పండగే. కాబట్టి ప్లాట్‌ఫాం మీద తెలుగు నేర్చుకోవచ్చునా అని నన్ను అడగకండి.

మన ఎన్నూరులో ఇప్పటి పిల్లలకి తెలుగు ఇంట్లో వినబడే భాష, అంతే. బడిలో తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టం వచ్చాక తమిళం అందరూ చదవాల్సిందే, చదవనీండి, మంచి భాష, నేను బతికిందే దాంతో. తెలుగు చదివే చోటు మాత్రం మనం ఇంకొకటి ఇవ్వాలి కదా? ఉగాదికి ఒక వక్త, ఒక శాలువా, ఒక పద్యం, అర్థం కాని పిల్లలు ఫోన్లు చూసుకుంటూ వెనక వరసలో. దాన్ని మనం భాషాసేవ అంటున్నాం. ఈ నలుగురు పిల్లలు ఆటలో "గేమ్ ఓవర్" తీసేసి "బండి వెళ్లిపోయింది" అని పెట్టారు. "ట్రై అగైన్" తీసేసి "తర్వాతి బండి" అని పెట్టారు. మొదలుపెట్టే బొత్తానికి "పచ్చజెండా". ఏ నిఘంటువూ చూడలేదు. ఆ మాటలు ఏడేళ్ల పిల్ల చదివి, అర్థం చేసుకుని, కోపంతో మళ్లీ నొక్కుతుంది.

వాళ్ల రంగంలో కొయోట్ టైమ్ అని ఒక మాట ఉంది. గోడ అంచు దాటి కాలు గాల్లో పడ్డాక కూడా ఒక్క పదోవంతు సెకను, అంటే ఆరు బొమ్మలంత సేపు, గెంతడానికి ఆట మనకి అవకాశం ఇస్తుంది. లేకపోతే ఆడేవాడికి "నేను సరిగ్గానే నొక్కాను, ఆటే మోసం చేసింది" అనిపిస్తుందట. పాత కార్టూన్లో కొండ దాటిపోయి గాల్లో నిలబడే కొయోట్ అనే నక్క జాతి జంతువు పేరు పెట్టారు. దీనికి తెలుగులో ఏమంటాం తాతా అని అడిగారు. రెప్పపాటు అన్నాను. ఆలోచించాల్సిన పనే లేదు, ఆ మాట అవ్వ నోట్లో రోజూ ఉండేది. ఇప్పుడు వాళ్ల ప్రోగ్రాములో ఆ వరుస పక్కన తెలుగులో రెప్పపాటు అని రాసుంది. "రెప్పపాటు కొంచెం పెంచరా, ఆ గోడ దాటలేకపోతున్నాను" అని తమిళ కుర్రాడు తెలుగులో అరుస్తున్నాడు. మీరు ముప్పై ఏళ్లు ఉగాది చేసినా ఇది సాధించలేదు, నేనూ సాధించలేదు.

ఇక అక్షరాల కష్టం వినండి. పిల్లలు ముందు వాడిన పాత సాఫ్ట్‌వేరులో తెలుగు పెడితే ఒత్తులు ఊడిపోయాయి. స్టేషన్ అని రాస్తే స పక్కన ఒక పొల్లు, దాని పక్కన ట, ఎక్కడివక్కడ చెల్లాచెదురు. ఇంగ్లీషు అక్షరాలు వరసగా పేర్చుకుంటూ పోతే చాలు, మనవి ఒకదాని కింద ఒకటి, ఒకదాని చుట్టూ ఒకటి అల్లుకోవాలి. ఆ అల్లిక తెలియని సాఫ్ట్‌వేరులో తెలుగు తెలుగులా రాదు. గొడో అని ఉచితంగా దొరికే గేమ్ సాఫ్ట్‌వేరు ఉంది, 2023లో వచ్చిన దాని నాలుగో వెర్షన్లో ఈ అల్లిక పెట్టారు. పిల్లలు దాంట్లోకి మారారు, ఇప్పుడు అక్షరాలు నిలబడ్డాయి. తెలుగువాళ్లు కోట్లమంది ఉన్నారని మైకు ముందు చెప్పుకుంటాం. ఆ కోట్లమంది భాషలో ఆటలు ఎన్ని వచ్చాయి? హైదరాబాదులో ఏళ్లుగా గేముల వాళ్ల పెద్ద సదస్సు జరిగేది, కంపెనీలు అక్కడున్నాయి, పనిచేసేవాళ్లలో తెలుగువాళ్లు ఎంతోమంది. ఆట తెరిస్తే ఇంగ్లీషు. అడిగేవాడు లేక అలా ఉంది. అడుగుతున్న నలుగురికి మనం హాలు తలుపు వేశాం.

అధ్యక్షులవారు పెద్దవారు, నాకు అన్నగారి లాంటివారు, వారిని ఒక్కటి అడుగుతాను. ఏటా మన హాల్లో అందరికంటే గౌరవంగా జరిగే కార్యక్రమం పంచాంగ శ్రవణం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. అంటే ఏమిటి? కాలం లెక్క. రెండు గంటలు చేతులు కట్టుకుని కాలం లెక్క వింటాం, దక్షిణ ఇస్తాం. అదే కాలం మీద పిల్లలు రెండు రోజులు పనిచేస్తామంటే వినోదం అంటాం. ఆ అమ్మాయికి నేను పంచాంగం చూపించాను. తిథి అంటే సరిగ్గా ఒక రోజు కాదని, 19 గంటలనుంచి 26 గంటలదాకా పొడుగూ పొట్టీ అవుతుందని, ఒక్కోసారి ఒక తిథి సూర్యోదయాన్నే తాకకుండా పోతే దాన్ని క్షయం అంటారని చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఊరుకుని, "అయితే తాతా, అరుగులు తిథుల్లాగా పెడదాం, పొడుగ్గా పొట్టిగా. క్షయ తిథి వచ్చిన చోట అరుగు ఉండదు, రెప్పపాటుతో దాటాలి" అంది. పంచాంగాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు పోయిన ఉగాదికి మన హాల్లో ఎవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. నేనైతే చూడలేదు.

"ఇద్దరు తమిళ పిల్లలు కదండీ" అన్న మాటకి జవాబు చెప్పడానికే సిగ్గుగా ఉంది. పక్కింటివాళ్లండీ. తెలుగు తెర మీద సరిగ్గా కనబడాలని రాత్రిళ్లు కూర్చుని ఒత్తులు సరిచేసింది ఆ ఇద్దరిలో ఒకడు, వాడికి తెలుగు చదవడం కూడా రాదు, బొమ్మలాగా పోల్చి చూశాడు. నేను తడ బోర్డు చూసినట్టే.

ఆడపిల్ల రాత్రి ఉండటం గురించి. ఈ ఒక్క ప్రశ్న న్యాయమైనదే. 48 గంటలూ నిద్ర మానుకోమని ఏ జామూ చెప్పదు. పిల్లల అర్జీలో రెండో పేజీ ఉంది, మీటింగులో ఎవరూ తిప్పలేదు. రాత్రి తొమ్మిదికి ఆపేసి ఎవరింటికి వాళ్లు పోతారు, పొద్దున ఆరుకి వస్తారు. ఇద్దరి తల్లులు వంతులేసుకుని హాల్లో కూర్చుంటామని సంతకం పెట్టారు. 48 గంటలంటే మన లెక్కలో 120 ఘడియలు, 16 జాములు. మాటకి పదహారు జాములన్నానే గాని, ఇళ్లకి పోయి నిద్రపోయేవి తీసేస్తే మనల్ని అడిగింది పదే.

కరెంటు బిల్లు నేను కడతాను, మీటరు రీడింగు శనివారం పొద్దున, ఆదివారం రాత్రి కార్యదర్శిగారే రాసుకోవచ్చు. తాళం చెవి నా దగ్గర ఉంచండి, తెరిచేదీ మూసేదీ నేనే. ప్లగ్గులు ఆరు కావాలి, హాల్లో నాలుగే పనిచేస్తున్నాయి, ఎలక్ట్రీషియన్‌కి చెప్పి ఉంచాను. శనివారం సాయంత్రం వెనక గది అలవాటు ప్రకారం నడుపుకోండి, పిల్లలు ముందు హాల్లోనే ఉంటారు, చప్పుడు చెయ్యరు.

సంఘం నియమావళిలో పదిమంది సభ్యులు సంతకాలు చేస్తే కమిటీ ఒక తీర్మానాన్ని మళ్లీ చర్చకి పెట్టాలి. నాది మొదటి సంతకం. ఇవాళ మధ్యాహ్నానికి ఇంకో ఆరు వచ్చాయి. ముగ్గురు కావాలి, బుధవారంలోగా. కింద కామెంటులో పేరు రాస్తే కాగితం పట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను.